చేతి మీది మచ్చ

పార్కు గేటు తెరిచిన రోజున బావ కుడిచేతి చొక్కా మడత పైకి లాగి జనానికి మచ్చ చూపించాడు.

“ఇదిగో చూడండి. ఈ గేటు మీది పక్షుల రెక్కలు కోస్తుంటే నిప్పు ఎగిరిపడి కాలింది. రాత్రనక పగలనక చేశానండీ. పనంటే ప్రాణం పెట్టాలి కదా మరి!”

జనం చప్పట్లు కొట్టారు. ఎవరో పూలగుత్తి ఇచ్చారు. వెనక వరసలో మొగుడి పక్కన నిలబడ్డ ఆయన మరదలు, చిన్నది, మునివేళ్ల మీద లేచి ఆ చేతి వైపు చూసింది. ఆ మచ్చ స్కూటర్ సైలెన్సర్ తగిలి కాలింది. కాలిన రోజున బావ పసిపిల్లాడిలా కేకలు పెడుతుంటే చెయ్యి పట్టుకుని మందు రాసింది ఆమే.

నలభై దాటినా ఇంట్లో ఆమె చిన్నదే. అక్క పెద్దది, ఈమె చిన్నది. పేరు పెట్టి పిలిచేవాళ్లు ఎవరూ లేరు. గేటు మీది పక్షులన్నీ ఆమె కోసినవే. పెరట్లోని రేకుల షెడ్డులో, కరెంటు మంటతో ఇనుము కోసే సూట్‌కేసంత ప్లాస్మా కట్టర్ ముందు వంగి కూర్చుని, ఒక్కో రెక్కా ఒక్కో ఈకా కోసింది. అన్నీ ముందుకు ఎగురుతుంటే చివరిది మాత్రం మెడ తిప్పి వెనక్కి చూస్తుంది. ఆ మెడ కుదరక రెండు రేకులు పాడుచేసుకుంది కూడా. ఆర్డరు తెచ్చింది బావ. ఆయనకి మెయిన్ రోడ్డు మీద గేట్ల దుకాణం ఉంది. “పని నీది, దుకాణం నాది, పేరు ఇద్దరిదీ,” అన్నాడు. ఆ మాట నమ్మి ఇద్దరి పేర్లతో ఒక చిన్న ఇనుప పలక కూడా తనే కోసిచ్చింది. ఇప్పుడు గేటు స్తంభానికి ఉన్నది ఆ పలక కాదు. తళతళలాడే ఇత్తడి పలక. దాని మీద బావ పేరొక్కటే ఉంది.

పార్కు కమిటీ ప్రెసిడెంటమ్మ ఒకప్పుడు పెద్దాసుపత్రిలో నర్సు. ఆవిడ కళ్లజోడు సర్దుకుని బావ చేతిని పట్టి చూసింది.

“మచ్చ ఇంత పొడుగ్గా ఉందేంటయ్యా? నిప్పురవ్వ పడితే చుక్కలా కాలాలి కదా!”

“పెద్ద రవ్వండీ!” అన్నాడు బావ తడుముకోకుండా. అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది.

తర్వాత ఆవిడ అసలు సంగతి చెప్పింది. గేటు అందరికీ నచ్చింది కాబట్టి పార్కు చుట్టూ కంచె కూడా ఇలాగే చేయించాలనుకుంటున్నారు. అయితే ఇనుము మీద బొమ్మ ఎలా కోస్తారో చూడాలని కమిటీ వాళ్లకి సరదాగా ఉంది. వచ్చే ఆదివారం పనిచేసే చోటికి వస్తారు. తమ ముందు ఒక్క పక్షిని కోసి చూపిస్తే ఆ పూటే కంచె పని ఖాయం చేస్తారు.

“ఒకటేం ఖర్మ, గుంపునే ఎగరేస్తా!” అన్నాడు బావ.

చిన్నది జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది. “ప్రెసిడెంటమ్మగారూ, ఆ పక్షులు కోసింది…”

“మా మరదలండీ,” అని బావ ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. “మా ఇంటి మిరపకాయ. కోపం జాస్తి. టీ మాత్రం అద్భుతంగా పెడుతుంది. ఆదివారం మీరే చూస్తారుగా.”

మళ్లీ నవ్వులు. ఆ నవ్వుల మధ్య మాట పూర్తిచేసి ఉంటే ఏమయ్యేదో తెలీదు. ఆమె పూర్తిచేయలేకపోయింది. అక్క కొంచెం దూరంలో నిలబడి చెప్పుల వైపు చూసుకుంటోంది.

ఇంటికి నడిచి వస్తుంటే మొగుడు జనం పలచబడేదాకా ఆగాడు. బస్సు డ్రైవరు కాబట్టి రద్దీలో నోరు మూసుకోవడం అలవాటు. సందు మలుపు తిరిగాక అన్నాడు.

“కోతలు కోయడంలో మీ బావని మించినవాడు లేడు. దానికి కరెంటు కూడా అక్కర్లేదు.”

“నవ్వకండి. అరికాలి మంట నెత్తికెక్కుతోంది నాకు.”

“నేను నాలుగు తగిలిద్దామా అంటే తోడల్లుడు. రేపు మీ అక్క మొహం ఎలా చూడను? నువ్వే ఏదో ఒకటి చెయ్.”

“చేస్తాను,” అంది చిన్నది. ఏం చేస్తుందో ఆమెకే తెలీదు. చేస్తానని మాత్రం గట్టిగా తెలుసు.

మర్నాడు పొద్దున్నే బావ దిగాడు, చేతిలో బిస్కట్ల ప్యాకెట్టుతో. వెనకే అక్క. చిన్నది షెడ్డులో గ్రైండర్‌తో రేకు అంచులు రుద్దుతోంది. బావ వచ్చినట్టు తెలిసినా గ్రైండర్ ఆపలేదు. ఆయన ఏదో అరుస్తున్నాడు, ఈమెకి వినిపించనట్టే ఉంది. కడకు ఆయనే వెళ్లి స్విచ్చి ఆపాడు.

“మరదలా, నీ కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటా.”

“కాళ్లు వద్దు బావా, కట్టర్ టార్చి పట్టుకో. ఆదివారం కోయాలిగా.”

“అదే కదా నా బాధ! నాకెక్కడ వచ్చు? నోరు జారాను, ఒప్పుకుంటున్నా. నువ్వు ఒక పని చెయ్. పక్షిని ముందే కోసి పెట్టు. మొత్తం కోసెయ్యకు, నాలుగు చోట్ల గోరంత వదిలెయ్. నేను ఆ నాలుగు చోట్లా నిప్పులు రాల్చి చేతులు దులుపుకుంటా. వాళ్లని దూరంగా నిలబెడదాం. ఎవడు కనిపెడతాడు?”

చిన్నది గ్లవ్స్ విప్పి బల్ల మీద పడేసింది. “మరి పలక సంగతేంటి బావా?”

“ఈసారి ఇద్దరి పేర్లూ వేయిస్తా. ఒట్టు,” అన్నాడు బావ బిస్కట్ల ప్యాకెట్టు వైపు చూస్తూ. “అయినా పని ఎవరి పేరు మీద వస్తే ఏంటి? మనిల్లే కదా!”

“మనిల్లయితే నీ పేరొక్కటే ఎందుకుంది మరి?”

బావ పెళ్లాం వైపు చూశాడు. అక్క అందుకుంది.

“ఈ ఒక్కసారికి ఒప్పుకోవే. నలుగురిలో నవ్వులపాలై వస్తే ఆ చిరాకంతా ఇంట్లో ఎవరి మీద చూపిస్తారు? నా గతి ఆలోచించు. గేటు నువ్వే చేశావని నాకు తెలుసు కదా, చాలదా?”

“చాలదక్కా,” అంది చిన్నది. పరాయివాళ్లు తెలియక నవ్వారు, పోనీ. అక్కకి తెలుసు. తెలిసీ నిన్న చెప్పులు చూసుకుంటూ నిలబడింది.

కుదరదు, పొండి అనబోయింది. అంతలో ఒక ఆలోచన వచ్చింది. వచ్చిందే తడవుగా మొహం మామూలుగా పెట్టుకుంది.

“సరే బావా. అలాగే కోసి పెడతాను. ఆదివారం రండి.”

ఇంత సులువుగా ఒప్పుకుంటుందని బావ అనుకోలేదు. సంతోషం పట్టలేక బిస్కట్ల ప్యాకెట్టు తనే చించి తనే రెండు తినేశాడు. అక్క మాత్రం చెల్లెలి మొహంలోకి అనుమానంగా చూసింది. చిన్నప్పుడు కూడా ఇది ఇలా వెంటనే సరే అన్నదంటే ఏదో కొంప మునిగేదే.

టార్చి పట్టుకోవడమైనా రావాలి కదా అని బావ మధ్యలో ఒక సాయంత్రం నేర్చుకోవడానికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, సెంటు. చిన్నది తోలు ఏప్రన్ కట్టింది, హెల్మెట్ తగిలించింది, గ్లవ్స్ ఇచ్చింది. కంప్రెసర్ ఆన్ చేసి గాలి నిండేదాకా ఆగింది. మిషన్ నుంచి వచ్చే తీగ చివరి క్లాంపు తీసి రేకు అంచుకి పట్టించే ముందు, ఆ అంచుని ఆకురాయితో తెల్లగా మెరిసేదాకా గీకింది. తుప్పు మీద పట్టిస్తే కరెంటు సరిగ్గా పారదు.

“ఇదంతా ఎందుకు, నొక్కితే మండదా?” అన్నాడు బావ.

“మండుతుంది. మండితే చాలదు బావా, కోయాలి.”

టార్చి మొనని రేకు మీద ఎలా ఆనించాలో చూపించింది. మొదట కాస్త పక్కకి వంచి, బెజ్జం పడ్డాక నిలువుగా తేవాలి. లేకపోతే కరిగిన ఇనుము తిరిగి మొహానికే చిమ్ముతుంది. ఆ తర్వాత అంతా టార్చి నడకలోనే ఉంది. సరైన నడకలో నిప్పులన్నీ రేకు కిందకి రాలతాయి. తొందరపడితే రేకు తెగదు, నిప్పులు పైకి లేస్తాయి. జంకి ఆగితే గాడి వెడల్పవుతుంది, కింద కరిగిన ఇనుము చిట్టెంగా, ముద్దలుగా పట్టేస్తుంది.

“చెవితో వినాలి,” అంది. “తెగుతున్నప్పుడు ఒక చప్పుడు, తెగనప్పుడు ఒక చప్పుడు.”

“ఇనుముకి చెవులప్పగించి కూర్చునేంత తీరిక నాకెక్కడిది మిరపకాయ్?” అని బావ మీట నొక్కాడు. గీత గీసినట్టు సర్రున లాగేశాడు. నిప్పులు పైకి లేచి ఏప్రన్ నిండా పడ్డాయి. కెవ్వుమని వెనక్కి గెంతాడు. రేకు మీద నల్లటి గీత ఒకటి పడిందంతే, ఎక్కడా తెగలేదు.

“తెగలేదు,” అంది చిన్నది.

“ఆ నాలుగు చోట్లా తెగితే చాల్లే,” అంటూ చొక్కా దులుపుకున్నాడు. రెండోసారి పట్టుకోలేదు. వెళ్తూ వెళ్తూ అద్దంలో జుట్టు సరిచూసుకున్నాడు.

ఆయన వెళ్లాక చిన్నది చాలాకాలానికి హాయిగా నవ్వుకుంది. ఆమె పథకం చాలా చిన్నది. పనికిరాక పక్కన పెట్టిన పాత నాజిల్ ఒకటి, టార్చి మొనకి బిగించేది, డబ్బాలో ఉంది. కాలి కాలి దాని బెజ్జం కోలగా సాగిపోయింది. అది బిగిస్తే మంట తిన్నగా దిగదు, పక్కకి తన్నుతుంది. ఇంకోటి కంప్రెసర్ తొట్టి. గాలితోపాటు దాంట్లో రోజూ నీరు చేరుతుంది. ఆమె ప్రతి పొద్దునా అడుగున ఉన్న మర తిప్పి ఆ నీరు వదిలేస్తుంది. వదలకపోతే తడిగాలి వచ్చి మంట దగ్గుతుంది, ఉమ్ముతుంది, ఆరిపోతుంది. ఈ వారం ఆమె ఆ మర ముట్టుకోలేదు.

ఆ రోజుల్లో ఇంటి పని చేస్తున్నా, షెడ్డులో కూర్చున్నా ఆమె కళ్ల ముందు ఒకటే దృశ్యం. బావ ఠీవిగా మీట నొక్కుతాడు, మంట తుస్సుమంటుంది. మళ్లీ నొక్కుతాడు, మళ్లీ తుస్సు. ఫోటోలు తీద్దామని వచ్చినవాడు కెమెరా దించేస్తాడు. కూర తరుగుతూ అది తలుచుకుని నవ్వితే మొగుడు వాసన పట్టేశాడు.

“ఏంటి సంగతి? కత్తి చేతిలో పెట్టుకుని నవ్వుతున్నావు. నా భయం నాది.”

“మీకు కాదులెండి.”

“అమ్మయ్య,” అన్నాడు ఆయన. ఇంకేం అడగలేదు.

పక్షిని కూడా కోసి పెట్టింది. అట్టచెక్క అచ్చు రేకు మీద పెట్టి, దాని అంచు వెంట టార్చి నడిపి, ముక్కు దగ్గర, తోక దగ్గర, రెండు రెక్కల దగ్గర గోరంత చొప్పున వదిలింది. తెగిన గాడి కనబడకుండా సుద్దపొడి రుద్దింది. మోసానికి కూడా పని శుభ్రంగానే చేసింది. అసహ్యంగా చేయడం ఆమె చేతికి రాదు.

ఆదివారం పొద్దున్న పాత నాజిల్ బిగించింది. క్లాంపుని కావాలనే తుప్పు పట్టిన చోట తగిలించింది. అందరికీ టీ పెట్టి ముందుగదిలోకి పంపి, ఆఖరి చూపు చూసుకుందామని షెడ్డుకి వచ్చింది. ముందుగది కిటికీ పెరటి వైపే ఉంది. బావ గొంతు ఖంగుమని వినిపిస్తోంది.

“పని నా చేతిలో ఉంది గానీ, మిషన్‌తోనే చచ్చే చావండీ. మా మరదలి షెడ్డులో పెట్టించాను, పాపం చోటుందని. ఎంత చెప్పినా వీళ్లు దాన్ని సరిగ్గా చూసుకోరు. ఆడవాళ్లకి మిషన్ల సంగతి ఏం తెలుస్తుంది చెప్పండి? ఒక్కోసారి మొండికేస్తుంది. ఇవాళ ఏం చేస్తుందో ఏమో!”

“మొండికేస్తే ఇంకోసారి వస్తాంలే, కంచె ఎక్కడికి పోతుంది,” అంది ప్రెసిడెంటమ్మ.

చిన్నది టార్చి పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పడితే దెబ్బ తగలకుండా బావ ముందే చాప పరిచి పెట్టుకున్నాడు. మంట తుస్సుమంటే పరువు పోయేది ఆయనది కాదు. మిషన్‌ది. ఆ మిషన్‌ని కన్నబిడ్డలా చూసుకుంటున్న తనది. వారమంతా కూర్చుని తనకి తనే ఉచ్చు పేనుకుంది. ఆయన మెడ కోసం అనుకుంది గానీ, అది సరిగ్గా తన కొలతకే ఉంది.

తిట్టుకుంటూ కూర్చునే వ్యవధి లేదు. మోకాళ్ల మీద కూర్చుని కంప్రెసర్ అడుగు మర తిప్పింది. తుప్పురంగు నీళ్లు బుస్సుమని చిమ్మి గచ్చు తడిపాయి. చివరి చుక్కా పోయి పొడిగాలి వచ్చేదాకా మర బిగించలేదు. పాత నాజిల్ విప్పి చెత్తడబ్బాలో పడేసింది. కొత్త నాజిల్, దాని లోపల ఉండే ఎలక్ట్రోడు కూడా కొత్తది బిగించింది. సుద్ద రాసిన దొంగ రేకుని లాగి గోడవారగా, బొమ్మ గోడ వైపుకి తిప్పి పెట్టింది. బీరువా వెనక దాచుకున్న కొత్త రేకు తీసింది. అచ్చు పెట్టి సుద్దతో పక్షి గీసింది. క్లాంపు పట్టే అంచుని అద్దంలా మెరిసేదాకా గీకింది. ఇప్పుడు ఆ మిషన్‌కి వంక పెట్టడానికి ఏమీ మిగల్లేదు.

అందరూ వచ్చారు. ప్రెసిడెంటమ్మ, కమిటీ వాళ్లు కొందరు, వాళ్లలో కెమెరా ఉన్న బట్టతలాయన, వెనక అక్క, గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని డ్రైవరు. చిన్నది నల్లద్దాలు పంచింది.

“ముందు మిషన్ బాగుందో లేదో చూసిస్తాను,” అని బావ ఏదో అనేలోపే హెల్మెట్ దించుకుంది. ఒక ముక్క రేకు తీసి బల్ల కడ్డీల మీద పెట్టి మీట నొక్కింది. నిప్పులు బల్ల కింది నీళ్ల తొట్టిలోకి జలజలా రాలాయి. చివరిదాకా ఒకే చప్పుడు. ముక్క రెండై తొట్టిలో పడి చుయ్యిమంది. దాన్ని పట్టకారుతో తీసి అంచు ప్రెసిడెంటమ్మకి చూపించింది. గరుకు లేదు, చిట్టెం లేదు.

“మిషన్ భేషుగ్గా ఉంది బావా. గాలి పొడిగా ఉంది. నాజిల్ కొత్తది. రేకు కొత్తది. ఇక నీదే,” అని టార్చి ఆయన చేతిలో పెట్టింది.

బావ రేకు వైపు చూశాడు. వంగి మళ్లీ చూశాడు. గాడి లేదు, సుద్దగీత మాత్రమే ఉంది. ఏప్రన్ ముడి వేయించుకునే నెపంతో ఆమె వైపుకి వాలాడు.

“మిరపకాయ్, ఇది ఆ రేకు కాదు,” అన్నాడు గుసగుసగా. నుదుటి మీద చెమట పట్టింది.

“కాదు.”

“చంపేస్తున్నావే నన్ను!”

“ఒక్క మాట చెప్పు బావా. గేటు చేసింది మా మరదలు అని చెప్పు. టార్చి నేను తీసుకుంటాను.”

ఆయన ఒక్క క్షణం ఆగాడు. ఆ క్షణంలో ఆమె నిజంగానే ఎదురుచూసింది. బావ కమిటీ వాళ్ల వైపు చూశాడు, కెమెరా వైపు చూశాడు, గొంతు సవరించుకున్నాడు. హెల్మెట్ దించుకున్నాడు.

తర్వాత జరిగింది చెప్పడానికి పెద్దగా ఏం లేదు. నిప్పులు పైకి లేచాయి. కమిటీ వాళ్లు తలో అడుగు వెనక్కేశారు. రెక్క దగ్గర సర్రున లాగాడు, తెగలేదు. వెనక్కొచ్చి మళ్లీ లాగాడు, గీత దాటి మెడలోకి పోయింది. తోక దగ్గర జంకి ఆగితే వేలు దూరేంత రంధ్రం పడింది. కడకు మీట వదిలేశాడు. కంప్రెసర్ ఒక్కటే దడదడలాడుతోంది. బట్టతలాయన కెమెరా దించాడు.

ప్రెసిడెంటమ్మ వంగి చాలాసేపు చూసింది. “ఇదేం పక్షయ్యా?” అంది. వెటకారంగా అనలేదు, నిజంగానే అడిగింది.

“అది… మిషన్…” అంటూ బావ హెల్మెట్ ఎత్తాడు. ఆవిడ చేతిలో ఇంకా చిన్నది కోసిన ముక్క ఉంది. దాన్ని చూసి ఆయన మాట మింగేశాడు.

“గేటు కోసింది మా చెల్లెలండీ,” అంది అక్క.

అందరూ వెనక్కి తిరిగారు. అక్క ఈసారి చెప్పులు చూసుకోవడం లేదు. మొహం ఎర్రబడింది. “మొదటి పక్షి నుంచి చివరిదాకా అదే కోసింది. నాకు తెలుసు. ఆ చేతి మీది మచ్చ మా స్కూటర్ సైలెన్సర్‌ది.”

డ్రైవరు దగ్గినట్టు నటిస్తూ గుమ్మం అవతలికి వెళ్లిపోయాడు. ప్రెసిడెంటమ్మ చిన్నదాని చెయ్యి పట్టుకుని గ్లవ్ అంచు కిందకి లాగింది. ఎడమ మణికట్టు నుంచి మోచేతి దాకా చిన్న చిన్న చుక్కలు, కొన్ని పాతవి తెల్లగా, కొన్ని కొత్తవి ఎర్రగా. ఆవిడ బావ వైపు చూడను కూడా చూడలేదు.

“నువ్వు కొయ్యమ్మా. కంచె సంగతి నీతోనే మాట్లాడతాను,” అంది.

బావ మూలకి జరిగాడు. ఇస్త్రీ చొక్కా వీపుకి అతుక్కుపోయింది. చిన్నది ఆయన వైపు చూసింది. జాలి కలుగుతుందేమోనని కాసేపు చూసింది. కలగలేదు. ఆయన పాడుచేసిన రేకులోనే మిగిలిన సగం మీద అచ్చు పెట్టి, మెడ వెనక్కి తిప్పిన పక్షిని కోసింది. ఎక్కడా ఆగలేదు. అచ్చు తీసేసరికి పక్షి రేకు నుంచి విడిపోయి కడ్డీల మీద బూడిదరంగులో చల్లగా ఉన్నట్టే పడుకుంది.

అందరూ ఆహా అన్నారు. ఆ ఆహాలో తనకీ కాస్త వాటా దొరుకుతుందనుకున్నాడో, ఏదో ఒకటి చేయకుండా నిలబడలేకపోయాడో, బావ ముందుకొచ్చాడు. “ఇలా ఇవ్వు, ప్రెసిడెంటమ్మగారికి చూపిస్తాను,” అంటూ ఒట్టి చెయ్యి చాపాడు. గ్లవ్స్ అప్పటికే విప్పేశాడు. అప్పుడే తెగిన ఇనుము ఎర్రగా కనబడదు, మామూలు ఇనుములాగే ఉంటుంది. ముట్టుకుంటే తోలు ఊడి వస్తుంది. ఆ సంగతి ఆయనకి తెలీదు. చిన్నదానికి తెలుసు.

ఆమె నోరు తెరవలేదు. ఆ చెయ్యి రావడం చూసింది. దాని మీద ఆ పొడుగాటి మచ్చ కూడా చూసింది. వేళ్లు రేకు మీదికి వంగుతుండగా పట్టకారుతో ఆ చేతి మీద ఫెడీమని ఒక్కటిచ్చింది.

“కాలుతుంది బావా!”

బావ చెయ్యి వెనక్కి లాక్కుని రుద్దుకున్నాడు. ప్రెసిడెంటమ్మ గుండె మీద చెయ్యేసుకుని, “ఎంత మంచిదానివమ్మా! ఇంత జరిగాక కూడా,” అంది. అక్క కళ్లు తుడుచుకుంది. బావ కూడా అలాగే అనుకున్నట్టున్నాడు, ఆమె వైపు కృతజ్ఞతగా చూశాడు.

చిన్నది పక్షిని పట్టకారుతో ఎత్తి నీళ్లలో ముంచింది. వాళ్లంతా ఏమనుకుంటే ఆమెకేం? ఆయన చెయ్యి మీద దయ తలిచి ఆపలేదు. అది గనక కాలితే, రేపు ఆ చెయ్యి ఎత్తి ఇది ప్లాస్మా పనిలో కాలింది అని ఆయన చెప్పుకుంటే, ఈసారి అది నిజమై కూర్చుంటుంది. ఆ మచ్చ కూడా ఆయనకి దక్కడం ఆమెకి ఇష్టం లేదు.